చావాల్సినవాడు ముసలివాడైతే: జాన్ గబాన్ కథ

ఫ్రెంచ్ సినిమా చరిత్రలో నటుడు జాన్ గబాన్ కథని సాధారణంగా మూడు ముక్కల్లో చెప్పేస్తారు. 1930లలో ఒక వెలుగు వెలిగాడు, యుద్ధం తర్వాత దాదాపు పదేళ్ళు మునిగిపోయాడు, 1954లో ఒక గ్యాంగ్‌స్టర్ సినిమాతో మళ్ళీ తేలాడు. చెప్పుకోడానికి బాగుంటుంది. ఇంటర్వెల్ ఎక్కడ పడాలో కూడా తెలిసిపోతుంది.

కానీ ఆ మునిగిన పదేళ్ళ లెక్క తీస్తే ఈ కథ సరిగ్గా అతకదు. 1949లో అతను రెనే క్లెమాన్ దర్శకత్వంలో చేసిన సినిమాకి కాన్ చిత్రోత్సవంలో బహుమతులు వచ్చాయి, హాలీవుడ్ అకాడమీ విదేశీ చిత్రాలకిచ్చే గౌరవ పురస్కారం కూడా వచ్చింది. 1951లో వెనిస్ ఉత్సవంలో ఉత్తమ నటుడు అతనే. దాదాపు ఏటా సినిమాలు పడుతూనే ఉన్నాయి. ఖాళీగా కూర్చున్నవాడి లెక్కలా లేదు కదా ఇది! మరి జనం ఏం పోయిందనుకున్నారు? 1954లో ఏం తిరిగొచ్చిందనుకున్నారు?

నా లెక్క ప్రకారం పోయినదీ తిరిగొచ్చినదీ ఒకటి కాదు. యుద్ధానికి ముందు గబాన్ చేసిన పాత్రకి కోపం వస్తే ఆ కోపం అతన్నే చంపేది. యుద్ధం తర్వాత స్థిరపడిన గబాన్‌కి కోపం వస్తే ఎదుటివాడు నోరు మూసుకుంటాడు. మనిషి అతనే, కోపం అదే. ఫలితం తలకిందులైంది. ఎలా అన్నది చూడాలంటే మొదటి నుంచి రావాలి.

అసలు పేరు జాన్ అలెక్సి మోంకోర్జే. (ఫ్రెంచివాళ్ళు 'గబాన్' చివరి అక్షరాన్ని ముక్కులోనే ఆపేస్తారు, మనకి అంత కష్టం వద్దు.) 1904 మే 17న పారిస్‌లో పుట్టాడు, పెరిగింది నగరానికి ఉత్తరాన ఉన్న మేరియెల్ అనే పల్లెలో. అమ్మా నాన్నా ఇద్దరూ పాటల కెఫేల కళాకారులు. గబాన్ అనేది తండ్రి స్టేజీ మీద పెట్టుకున్న పేరు. కుర్రాడికి మాత్రం స్టేజీ అంటే పడదు, రైలింజన్ డ్రైవర్ కావాలని కోరిక. తండ్రే పట్టుబట్టి ఫోలీ బెర్జేర్ అనే ప్రసిద్ధ వినోదశాలలో చిన్న వేషాలకి చేర్చాడు. అక్కడి నుంచి మూలాన్ రూజ్ అనే ఇంకో వినోదశాలకి, అప్పటి పెద్ద స్టార్ మిస్తాంగెత్ పక్కన పాటలకి, ఆపరెట్టాలనే తేలికపాటి సంగీత నాటకాలకి వెళ్ళాడు. 1930లో మొదటి టాకీ. తర్వాత కార్మికుడంటే ఇలా ఉంటాడని దేశం మొత్తం నమ్మిన మనిషి ఏళ్ళ తరబడి స్టేజీ మీద టోపీ తిప్పుతూ డాన్సులు చేసినవాడన్న సంగతి చాలామంది మర్చిపోతారు.

ఆ డాన్సులు వృథా పోలేదని నాకనిపిస్తుంది. 1930ల సినిమాల్లో అతని నడక చూడండి. బరువైన మనిషి, కానీ అడుగు తేలిగ్గా పడుతుంది. ఇక గొంతు. టాకీలొచ్చిన కొత్తలో నాటకాల నుంచి వచ్చిన నటులు వెనక వరసకి వినపడాలన్నట్టు అరిచేవాళ్ళు. గబాన్ పక్కవాడితో మాట్లాడినట్టు మాట్లాడతాడు. మైకు ఉందిగా, అదే వింటుందిలే అన్నంత ధీమా.

1935 నుంచి 1939 దాకా నాలుగైదేళ్ళలో అతను చేసిన సినిమాల జాబితా ఏ నటుడికైనా అసూయ పుట్టిస్తుంది. జూలియన్ దువివియే తీసిన 'లా బందేరా', 'లా బెల్ ఎకీప్', 'పెపె ల మోకో'. జాన్ రెన్వార్ తీసిన 'లా గ్రాండ్ ఇల్యూజియోన్', 'లా బెత్ ఉమేన్'. మార్సెల్ కార్నే తీసిన 'ల కే దే బ్రూమ్', 'ల జూర్ స లేవ్'. అల్జియర్స్ సందుల్లో దాక్కున్న దొంగ, సైన్యం నుంచి పారిపోయినవాడు, ఇంజన్ డ్రైవర్, ఫౌండ్రీ కార్మికుడు. వీళ్ళలో ఎక్కువమందికి ముగింపు ఒకటే. పెపె చేతులకి సంకెళ్ళతో రేవు గేటు దగ్గర పొడుచుకుని చస్తాడు. 'ల కే దే బ్రూమ్'లో ల హావ్ర్ అనే రేవు పట్నం వీధిలో తూటా తగిలి పడిపోతాడు. 'లా బెత్ ఉమేన్'లో పరిగెత్తే రైలు మీంచి దూకేస్తాడు. ఆ సినిమాలో ఇంజన్ నడిపింది కూడా అతనే. చిన్నప్పటి కోరిక అలా తీరింది, ఆ డ్రైవర్ పాత్ర చావుతో ముగిసినా. 'లా గ్రాండ్ ఇల్యూజియోన్' ఒక్కటే పెద్ద మినహాయింపు, అందులో బతికి బయటపడతాడు. ఆ సినిమాలో వేసుకున్న యూనిఫాం మొదటి ప్రపంచ యుద్ధంలో పైలట్‌గా పనిచేసిన రెన్వార్ సొంతది.

'లా బెల్ ఎకీప్' సంగతి విడిగా చెప్పాలి. 1936 నాటి సినిమా. పనిలేని అయిదుగురు స్నేహితులకి లాటరీ తగులుతుంది. అందరూ కలిసి నది ఒడ్డున ఒక పాడుబడ్డ ఇల్లు కొని, బాగుచేసి, డాన్సులు చేసుకునే హోటల్ పెడతారు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో వామపక్షాల పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం వచ్చింది, కార్మికులకి మొదటిసారి జీతంతో కూడిన సెలవులు వచ్చాయి, వారానికి 40 గంటల పని అన్నారు. ఆ గాలి ఈ సినిమాలో వీస్తుంది. కానీ దువివియే రాసుకున్న ముగింపులో గబాన్ ఒక ఆడమనిషి విషయంలో తన స్నేహితుణ్ణే చంపుతాడు. నిర్మాతలకి భయమేసింది. స్నేహితులు రాజీపడి హాయిగా ఉండే రెండో ముగింపు తీయించి, జనానికి చూపించి అడిగారు. జనం సుఖాంతానికే ఓటేశారు.

ఇక్కడొక చిక్కుంది. గబాన్ చస్తేనే జనానికి ఇష్టం అని తర్వాత విమర్శకులు సిద్ధాంతం కట్టారు. అడిగినప్పుడు జనం బతకమనే అన్నారు! అయినా తర్వాతి మూడేళ్ళూ అతను చచ్చే సినిమాలకి తండోపతండాలుగా వెళ్ళారు. చావు కోసం వెళ్ళారని నేను అనుకోను. వీడు ఈసారైనా బయటపడతాడేమో అన్న ఆశతో వెళ్ళి ఉంటారు. ఆ టెన్షనే ఆ సినిమాలకి ఊపిరి.

దగ్గరగా చూడాలంటే 'ల జూర్ స లేవ్' చూడాలి. ఆ పేరుకి తెల్లవారుతోంది అని అర్థం. 1939 జూన్‌లో విడుదలైంది, యుద్ధం ఇంకో మూడు నెలల దూరంలో ఉంది. ఫ్రాన్స్వా అనే కార్మికుడు ఒకణ్ణి కాల్చి చంపి, ఎత్తైన మేడ పైఅంతస్తులోని తన గదిలో తలుపేసుకుంటాడు. బీరువా జరిపి తలుపుకి అడ్డంపెడతాడు. కింద పోలీసులు, వాళ్ళ వెనక జనం. రాత్రంతా సిగరెట్లు కాలుస్తూ జరిగింది గుర్తుచేసుకుంటాడు. కథ మొత్తం ఆ ఒక్క గది చుట్టూ వెనక్కీ ముందుకీ తిరుగుతుంది. సినిమాలో చాలాసేపు గబాన్ చేసేది ఏమీ లేదు. సిగరెట్‌తో సిగరెట్ వెలిగించుకుంటాడు, ఎందుకంటే అగ్గిపుల్లలు అయిపోయాయి. అద్దంలో చూసుకుంటాడు. ఒక బొమ్మ ఎలుగుబంటిని చేత్తో పట్టుకుంటాడు. తర్వాత ఒక్కసారి కిటికీలోంచి జనం మీద విరుచుకుపడతాడు. మీకేం కావాలి, ఫ్రాన్స్వా అనేవాడు ఇంక లేడు, పొండి అని అరుస్తాడు. కింద ఉన్నవాళ్ళలో స్నేహితులున్నారు. బయటికి రా, నువ్వు మంచివాడివి, మేం సాక్ష్యం చెబుతాం అంటారు. అతనికి ఆ మాట ఎక్కడో తగులుతుంది, కానీ ఆలస్యమైపోయింది. తెల్లారేసరికి తన్ను తాను కాల్చుకుంటాడు. గదిలోకి భాష్పవాయువు పాకుతుంది. పనికి లేపే అలారం గడియారం మోగుతుంది, ఆపేవాడు లేడు.

గబాన్ తన ఒప్పందాల్లో ఒక కోపం సీను ఉండాలని రాయించుకునేవాడని అప్పట్లో బాగా ప్రచారం ఉండేది. నిజమో కాదో గానీ అది ఎందుకు ప్రచారమైందో అర్థమవుతుంది. సినిమా అంతా నెమ్మదిగా ఉండి ఒక్కచోట పేలడం అతని పద్ధతి. విమర్శకుడు ఆంద్రే బాజాన్ ఈ పాత్రని గ్రీకు విషాద నాటకాల్లోని ఈడిపస్‌తో పోల్చాడు, తలమీద మాత్రం కార్మికుడి టోపీ. విధి నుంచి తప్పించుకోలేనివాడు. ఆ విధిని కదిలించేది మాత్రం బయటి దేవుడెవరూ కాదు, లోపలి కోపమే.

రాజకీయ వివరణ కూడా ఉంది. 1936లో రేగిన ఆశ 1938కల్లా చల్లారింది, ప్రభుత్వాలు మారాయి, హిట్లర్‌తో మ్యూనిక్ ఒప్పందం జరిగింది, కాబట్టి తెర మీద కార్మికుడు చచ్చిపోవడం మొదలుపెట్టాడు అంటారు. కొంత నిజమే. కానీ 'లా బందేరా' 1935లోదే, ఆశ ఇంకా రేగకముందే అందులో అతను చచ్చాడు. రాజకీయాలు ఈ పాత్రకి సరిపోయాయి తప్ప దాన్ని పుట్టించలేదు.

యుద్ధం వచ్చాక సెన్సారు 'ల జూర్ స లేవ్'ని నిరుత్సాహపరిచే సినిమాగా చూసి నిషేధించింది. 'ల కే దే బ్రూమ్' లాంటి సినిమాల వల్లే దేశం ఓడిపోయిందని, ఓటమి తర్వాత జర్మన్లతో చేతులు కలిపిన విషీ ప్రభుత్వ మనిషొకడు అన్నాడట. తుఫాను వచ్చిందని బారోమీటర్‌ని తిడతారా అని కార్నే జవాబిచ్చాడని చెబుతారు.

జర్మన్ల చేతిలో ఉన్న కాంటినెంటల్ అనే సంస్థకి సినిమాలు చెయ్యడం ఇష్టంలేక గబాన్ 1941లో అమెరికా వెళ్ళిపోయాడు. హాలీవుడ్‌లో రెండే రెండు సినిమాలు చేశాడు, రెండూ గుర్తుంచుకోదగ్గవి కావు. ఆ భాషలో అతని గొంతుకి పని లేదు. ప్రేమ వ్యవహారం మాత్రం ప్రపంచమంతా మాట్లాడుకుంది. ఆమె మార్లీన్ డీట్రిష్. 1943లో అన్నీ వదిలేసి, జర్మన్ల మీద పోరాడుతున్న జనరల్ ద గోల్ స్వేచ్ఛా ఫ్రాన్స్ నౌకాదళంలో చేరాడు. అట్లాంటిక్ దాటే ఓడల మీద పనిచేసి, తర్వాత ఉత్తర ఆఫ్రికా నుంచి జనరల్ లక్లెర్ రెండో సాయుధ డివిజన్‌లోకి వెళ్ళాడు. అక్కడ నౌకాదళ సైనికుల రెజిమెంట్‌లో 'సూఫ్లర్ 2' అనే శకటానికి కమాండర్‌. తోటివాళ్ళందరూ కుర్రాళ్ళు, అతనికి నలభై దాటాయి. జర్మనీ లోపల, హిట్లర్ కొండ విడిది ఉన్న బెర్హ్‌టెస్‌గాడెన్ దాకా వెళ్ళాడు. మెడల్స్ వచ్చాయి. స్టార్‌ని కదా అని కెమెరా ముందు పోరాడి ఊరుకోలేదు, నిజంగానే యుద్ధంలోకి వెళ్ళాడు.

1945లో తిరిగొచ్చినవాడికి జుట్టు నెరిసింది. ఒళ్ళు వచ్చింది. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

కార్నే, అతని సినిమాలకి మాటలు రాసిన కవి జాక్ ప్రెవేర్ కలిసి గబాన్, డీట్రిష్ జంట కోసం 'లే పోర్త్ ద లా న్యూయి' తయారుచేశారు. ఇద్దరూ తప్పుకున్నారు. గబాన్ చోట కొత్తవాడైన ఈవ్ మోంతాన్ చేశాడు. సినిమా పోయింది, అందులోంచి పుట్టిన ఎండుటాకుల పాట మాత్రం ప్రపంచమంతా తిరిగింది. గబాన్, డీట్రిష్ దాని బదులు 1946లో చేసిన 'మార్తాన్ రూమాన్యాక్' కూడా ఆడలేదు. అందులో అతను అసూయతో ప్రియురాల్ని చంపే మేస్త్రీ. అంటే పాత గబాన్ పాత్రే. వయసు మాత్రం నలభై రెండు. ఇరవై అయిదేళ్ళవాడు కోపంతో జీవితం పాడుచేసుకుంటే జాలేస్తుంది. నలభై దాటిన, మెడల్స్ ఉన్న, నెరిసిన జుట్టు మనిషి అదే చేస్తే, ఇంత వయసొచ్చి ఇదేం పని అనిపిస్తుంది. జనానికి అలాగే అనిపించి ఉంటుంది.

తర్వాతి ఏడెనిమిదేళ్ళూ దర్శకులందరూ ఒకే ప్రశ్నతో తలబాదుకున్నారు. ఈ మనిషిని ఏం చెయ్యాలి? క్లెమాన్ తీసిన సినిమా తమాషా ఐనది. పాత గబాన్ కథే, హత్య చేసి పారిపోయినవాడు ఇటలీలోని జెనోవా రేవులో దిగుతాడు. ఎందుకు దిగుతాడు? పన్ను నొప్పి! పెపె ల మోకో ప్రేమ కోసం దాక్కున్న చోటునుంచి బయటికొచ్చి పట్టుబడ్డాడు. పన్నెండేళ్ళ తర్వాత అదే రకం మనిషి పుచ్చిపన్ను కోసం వచ్చి పట్టుబడ్డాడు. వయసు గురించి ఇంతకంటే నిజాయితీగా చెప్పిన సినిమా ఆ దశలో ఇంకోటి లేదు. 1951లో వెనిస్ బహుమతి తెచ్చిన పాత్ర చూపు పోయిన ఇంజన్ డ్రైవర్‌ది. అంటే 'లా బెత్ ఉమేన్' నీడే మళ్ళీ. అవార్డులిచ్చేవాళ్ళు నటనకి ఇచ్చారు, టికెట్ కొనేవాళ్ళు పాత బొమ్మ కోసం వెతికారు. ఆ రెండింటి మధ్య దూరాన్నే చరిత్రకారులు పతనం అంటున్నారు.

1954 మార్చిలో జాక్ బెకర్ తీసిన 'తూషే పా ఓ గ్రిజ్బీ' వచ్చింది. ఆల్బేర్ సిమోనాన్ నవల ఆధారం. గ్రిజ్బీ అంటే పారిస్ దొంగల యాసలో సొమ్ము. దాన్ని ముట్టుకోవద్దు అన్నది పేరు. మాక్స్ అనే యాభై దగ్గరపడ్డ దొంగ ఓర్లీ విమానాశ్రయంలో బంగారం కొట్టేసి, ఇక చాలు, విశ్రాంతి తీసుకుందాం అనుకుంటాడు. పాత స్నేహితుడు రితోన్ ఒక డాన్సర్ పిల్ల దగ్గర గొప్పకి పోయి ఆ సంగతి వాగుతాడు. అవతలి ముఠా నాయకుడిగా లీనో వెంచురా వేశాడు, మాజీ కుస్తీ వీరుడు, అతనికిది మొదటి సినిమా. డాన్సర్ పిల్ల జాన్ మోరో.

గ్యాంగ్‌స్టర్ సినిమాలు చూసి చూసి ఉన్నవాళ్ళని కూడా ఆపేసే సీను ఒకటుంది ఇందులో. మాక్స్ రితోన్‌ని తన రహస్య ఫ్లాట్‌కి తీసుకెళతాడు. తుపాకులు లేవు, వెంటాడేవాళ్ళు లేరు. అలమారలోంచి ఒక గిన్నెలో పాతే, అంటే మాంసపు ముద్ద, బిస్కెట్లలాంటి ఎండు రొట్టెలు, ఒక వైన్ సీసా తీస్తాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని రొట్టె మీద పాతే రాసుకుని కరకర నములుతారు. బెకర్ కోసెయ్యడు, మొత్తం చూపిస్తాడు. నములుతూనే మాక్స్ నెమ్మదిగా అంటిస్తాడు, మనకి వయసైపోయింది, ఆ పిల్లలు మనకి కాదు అని. తర్వాత మడత నలగని పైజామా, పళ్ళు తోముకునే బ్రష్షు ఇస్తాడు. ఇద్దరు పేరుమోసిన దొంగలు పళ్ళు తోముకుని పడుకుంటారు. రితోన్ అద్దంలో కళ్ళకింద సంచులు చూసుకుంటాడు. అంతే సీను. నేను మొదటిసారి సబ్‌టైటిల్స్ చదవడం మానేసి ఆ చేతులే చూస్తూ ఉండిపోయాను. రొట్టె మీద పాతే రాసే తీరులోనే ఆ మనిషి ఇరవై ఏళ్ళ జీవితం ఉంది.

బెకర్ చేసింది చూస్తే చిన్నదే. వయసుని దాచాల్సిన లోపంగా కాక కథగా పెట్టాడు. చివర్లో మాక్స్ స్నేహితుడి కోసం బంగారం వదులుకుంటాడు, స్నేహితుడూ దక్కడు. కానీ మాక్స్ చావడు. భోజనానికి వెళతాడు. చావాల్సినవాడు ఇలా బతికిపోయి ముసలివాడయ్యాడు. అతని మీద జనానికి మళ్ళీ ప్రేమ పుట్టింది.

ఇక్కడితో ఆపేస్తే సుఖాంతమే. ఆపకూడదు. ఎందుకంటే తర్వాతి ఇరవై ఏళ్ళ గబాన్ మాక్స్ కాదు.

దానికి ఉత్తమ ఉదాహరణ 1956లో క్లోద్ ఓతాన్-లారా తీసిన 'లా త్రావెర్సే ద పారీ'. జర్మన్ల ఆక్రమణలో ఉన్న పారిస్, కర్ఫ్యూ రాత్రి. పని పోయిన టాక్సీ డ్రైవర్ మార్తాన్ బ్లాక్‌మార్కెట్‌ కోసం ఒక పందిని ముక్కలుగా నాలుగు సూట్‌కేసుల్లో పెట్టి ఊరి అటుచివర నుంచి ఇటుచివరకి మోసుకుపోవాలి. సాయానికి దొరికినవాడు గ్రాంజిల్. మార్తాన్‌గా హాస్యనటుడు బూర్విల్, గ్రాంజిల్‌గా గబాన్. పేదవాడనుకున్న గ్రాంజిల్ నిజానికి పేరున్న చిత్రకారుడు, సరదా కోసం వచ్చాడు. సరుకు యజమాని జాంబియే దగ్గర నేలమాళిగలో కూలి బేరమాడుతూ, బయట పోలీసులకి వినపడేలా అతని పేరుని కేకలు పెట్టి రేటు పెంచుతూ పోతాడు. ఆ కేకల ముందు జాంబియే వణికిపోతాడు, మార్తాన్ నోరెళ్ళబెట్టి చూస్తాడు. సీను నవ్వొస్తుంది. రెండోసారి చూస్తే నవ్వు కొంచెం గొంతులో అడ్డం పడుతుంది. ఇదే కోపం, ఇదే గొంతు 1939లో కిటికీలోంచి అరిచినప్పుడు అతని దగ్గర పోగొట్టుకోడానికి ప్రాణం తప్ప ఏమీ లేదు. ఇప్పుడు అరుపు ఒక ఆయుధం, వెనకాల డబ్బూ పేరూ ఉన్నాయి. చివరికి జర్మన్లు పట్టుకున్నప్పుడు పేరున్న చిత్రకారుణ్ణి వదిలేస్తారు, టాక్సీ డ్రైవర్‌ని లారీ ఎక్కిస్తారు. యుద్ధమయ్యాక రైల్వేస్టేషన్‌లో గ్రాంజిల్ సూట్‌కేసులు మోసే కూలీ ఎవరా అని చూస్తే, మార్తాన్. ఇరవై ఏళ్ళ కిందట తీసుంటే మార్తాన్ వేషం గబాన్‌ది.

ఓతాన్-లారా ఇది తెలిసి చేశాడో లేదో గానీ సినిమా మాత్రం గబాన్ గురించి నిజం చెప్పేసింది. 1958 నుంచి చూడండి: పోలీసు కమిషనర్ మేగ్రే, పెద్ద వ్యాపార కుటుంబానికి పెద్ద, 1961లో మాజీ ప్రధానమంత్రి. మధ్యలో 'లే మిజెరాబ్ల్'లో జాన్ వాల్‌జాన్, దానికి ఫ్రాన్స్‌లో దాదాపు కోటి టికెట్లు తెగాయి. అప్పుడప్పుడూ బిచ్చగాడి లాంటి వేషాల్లో కనిపించినా, ఆ బిచ్చగాడు కూడా చుట్టూ ఉన్నవాళ్ళకి క్లాసు పీకుతూ ఉంటాడు.

క్లాసు పీకడం అన్నప్పుడు మిషెల్ ఓడియార్ గురించి చెప్పాలి. మన సినిమా టైటిల్స్‌లో 'మాటలు' అని ఒక రచయితకి విడిగా కార్డు పడుతుంది కదా. హాలీవుడ్‌లో ఆ అలవాటు పెద్దగా లేదు, ఫ్రెంచ్ సినిమాకి మనలాగే ఉంది. కథ ఒకరిది, మాటలు ఇంకొకరివి, ఆ రెండోవాడికి సొంత అభిమానులు. యుద్ధానికి ముందు కార్నే సినిమాల్లో గబాన్‌కి మాటలు రాసినవాడు ప్రెవేర్. అతను తక్కువ రాసేవాడు. 'ల కే దే బ్రూమ్'లో మిషెల్ మోర్గాన్‌తో గబాన్ చెప్పే "నీ కళ్ళు భలే ఉన్నాయి, తెలుసా" అన్న ఒక్క ముక్క ఫ్రాన్స్‌లో సామెతలా నిలిచిపోయింది. 1955 నుంచి ఓడియార్ వచ్చాడు. పారిస్ వీధి యాస, వెటకారం, ఒక్కో డైలాగు కొలిచి విసిరినట్టుంటుంది. పదిహేను పైచిలుకు సినిమాలు ఇద్దరూ కలిసి చేశారు. సగం మాటలు వింటుంటే పండగ. మిగతా సగం దగ్గర నాకు విసుగొస్తుంది, దాచడం దేనికి. గదిలో ఉన్నవాళ్ళందరూ గబాన్ డైలాగు ఎప్పుడు ముగుస్తుందా అని నిలబడి ఉంటారు. మౌనంతో పేరు తెచ్చుకున్న నటుడికి మాటలు మరీ ఎక్కువైపోయాయి.

ఇదంతా అతని అహం వల్లే జరిగిందంటే తప్పు. వెనకాల డబ్బు లెక్క ఒకటుంది. యుద్ధం తర్వాత అమెరికా సినిమాలు ఫ్రాన్స్ మీద వచ్చి పడ్డాయి. సొంత పరిశ్రమని నిలబెట్టడానికి 1948లో ప్రభుత్వం ఒక సహాయ పథకం పెట్టింది. టికెట్ మీద పన్ను వేసి ఒక నిధి చేసి, ఏ నిర్మాత సినిమా ఎంత వసూలు చేస్తే దాన్నిబట్టి అతని తర్వాతి సినిమాకి ఆ నిధి నుంచి డబ్బు. అంటే ఆడిన సినిమా ఇంకో సినిమాని కంటుంది. ఇలాంటి ఏర్పాటులో నిర్మాత ప్రయోగాలకి పోతాడా, ఖచ్చితంగా ఆడే ముఖాన్ని పట్టుకుంటాడా? గబాన్ ముఖం ఆడుతుంది. జీల్ గ్రాంజియే లాంటి సర్దుకుపోయే దర్శకుడు, ఓడియార్ మాటలు, గబాన్ కోపం అనే ఫార్ములా అలా కుదిరింది. 1963లో గబాన్ హాస్యనటుడు ఫెర్నాన్దెల్‌తో కలిసి సొంత నిర్మాణ సంస్థ కూడా పెట్టాడు. ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలు కలిపి గాఫేర్ అన్నారు.

దీని మీదే కుర్రకారు తిరగబడింది. 1954 జనవరిలో, 'గ్రిజ్బీ'కి రెండు నెలల ముందు, ఫ్రాన్స్వా త్రుఫో అనే ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు 'కైయే ద్యూ సినెమా' పత్రికలో అప్పటి పెద్ద సినిమాలని చీల్చి చెండాడాడు. ఓతాన్-లారా, అతని రచయితలు ఆ జాబితాలో ముందున్నారు. కానీ అదే త్రుఫో 'గ్రిజ్బీ'ని మెచ్చుకుంటూ రాశాడు. అతని కోపం గబాన్ మీద కంటే గబాన్‌ని వాడుకునే తీరు మీద అని దీన్నిబట్టి అనుకోవచ్చు. 1959 వేసవి ఆ గొడవకి మంచి బొమ్మ. మేలో కాన్‌లో త్రుఫోకి మొదటి సినిమాతోనే ఉత్తమ దర్శకుడి బహుమతి, కొద్ది వారాలకి బెర్లిన్‌లో గబాన్‌కి ఉత్తమ నటుడి బహుమతి, అదీ గ్రాంజియే తీసిన, గొప్పగా ఏమీ లేని 'ఆర్షిమేద్ ల క్లోషార్'కి. పాతవాళ్ళు పోయి కొత్తవాళ్ళు వచ్చారన్నది తర్వాత రాసుకున్న కథ. టికెట్ల దగ్గర ఇద్దరూ ఉన్నారు. 1962లో కొత్త తరం ముఖమైన బెల్మొండో, 1963లో దెలోన్, గబాన్ పక్కన నటించడానికి వచ్చారు, మళ్ళీ గబానే పెద్ద.

సరిగ్గా ఆ రోజుల్లోనే నిజ జీవితం ఒక సీను తీసింది. సినిమాల్లో వచ్చిన డబ్బుతో గబాన్ నార్మండీలో భూములు కొని పశువుల్నీ పందెం గుర్రాల్నీ పెంచేవాడు. నిజంగా వ్యవసాయమంటే ఇష్టం, సరదా కాదు. 1962 జూలైలో ఒక రాత్రి వందలాదిమంది రైతులు అతని పొలం మీదికి వచ్చారు. పట్నం డబ్బున్నవాళ్ళు భూములన్నీ పోగేస్తుంటే మా కుర్రాళ్ళకి కౌలుకి కూడా దొరకట్లేదన్నది వాళ్ళ గోడు. ఇరవై మూడేళ్ళ కిందట తెర మీద జనం కింద నిలబడి, బయటికి రా, నువ్వు మావాడివి అన్నారు. ఈసారి నిజంగానే ఇంటి బయట జనం నిలబడ్డారు, నువ్వు మావాడివి కావు అనడానికి. రైతునని చెప్పుకునే గబాన్‌కి ఇది చాలా లోతుగా తగిలింది. కేసు పెట్టి, తర్వాత వెనక్కి తీసుకున్నాడు. ఎవరిది తప్పు అంటే తేల్చడం నా వల్ల కాదు. ఆ రైతులకి కావలసింది భూమి, సినిమా చరిత్ర కాదు.

చివర్లో ఒక్క సినిమా మళ్ళీ అతన్ని మౌనంలోకి నెట్టింది. 1971లో వచ్చిన 'ల షా', అంటే పిల్లి. జార్జ్ సిమెనోన్ నవల నుంచి తీశారు. కూల్చివేతల మధ్య మిగిలిపోయిన ఒక ఇంట్లో ముసలి మొగుడూ పెళ్ళాం. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. అతనికి ఆమెకంటే పిల్లి ముద్దు. ఆమె ఒకరోజు పిల్లిని చంపుతుంది. అప్పట్నుంచి మాటల బదులు చీటీలు. భార్యగా సిమోన్ సిన్యోరే. ఓడియార్ లేడు, క్లాసులు లేవు, కోపానికి బయటికెళ్ళే దారే లేదు. బెర్లిన్‌లో ఇద్దరికీ బహుమతులిచ్చారు. అరవై ఏడేళ్ళ వయసులో 1939 నాటి గదిలోకి మళ్ళీ వెళ్ళి తలుపేసుకున్నట్టుంటాడు, ఈసారి లోపల ఇంకో మనిషి ఉంది.

1976 ఏప్రిల్‌లో ఫ్రెంచ్ పరిశ్రమ మొదటిసారి సెజార్ అవార్డులిచ్చినప్పుడు అధ్యక్షుడిగా అతన్నే కూర్చోబెట్టారు. అదే ఏడాది నవంబర్ 15న పోయాడు. చితాభస్మాన్ని నౌకాదళ ఓడ మీంచి బ్రెస్ట్ తీరానికి దూరంగా సముద్రంలో కలిపారు.

చూడాలనుకునేవాళ్ళకి ఒక మాట. తేదీల వరసలో చూడొద్దు, మధ్యలో నీరసం వస్తుంది. ముందు 'ల జూర్ స లేవ్' చూడండి. ఆ సినిమా మనకి మిగలడమే అదృష్టం, 1947లో హాలీవుడ్‌లో దాన్ని మళ్ళీ తీసినప్పుడు హక్కులు కొన్న కంపెనీ అసలు ప్రింట్లని లేకుండా చెయ్యాలని చూసింది. వెంటనే 'లా త్రావెర్సే ద పారీ' పెట్టుకోండి, అరుపు రెండుసార్లు వినండి. 'గ్రిజ్బీ' చివరికి ఉంచుకోండి. భోజనం చేసి కూర్చోవడం మంచిది, లేకపోతే ఆ పాతే సీను దగ్గర లేచి వంటింట్లోకి వెళ్ళాల్సి వస్తుంది.